కంప్యూటర్లో కర్మ

ఆ ఏడు పత్తికి పచ్చపురుగు పట్టింది. పట్టడమంటే మామూలుగా కాదు. పొద్దున కొట్టిన మందు సాయంత్రానికి దానికి బలం మందైనట్టు ఇంకా ఏపుగా పాకేది. నాన్న రెండు రోజులకోసారి వీపుకి పంపు తగిలించుకుని, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని చేలోకి వెళ్లేవాడు. తిరిగొచ్చి ఎంత రుద్ది స్నానం చేసినా ఒంటి మీద మందు వాసన పోయేది కాదు. కంచం ముందు కూర్చుని "తల దిమ్ముగా ఉందే" అనేవాడు అమ్మతో. ఆ మాట చెవిన పడితే చాలు, నాకు ముద్ద గొంతు దిగేది కాదు.

నేనప్పుడు పదో తరగతి. పుట్టుపిరికిదాన్ని. మాది చీమకుర్తి నుంచి పొదిలి వెళ్లే రోడ్డు దిగి కొంచెం లోపలికి నడిస్తే వచ్చే ఊరు. దసరా సెలవులకి ముందు మా వెనకింటి ఆయన, నాన్నకి అన్న వరస, మందు కొడుతూ కొడుతూ చేలోనే కూలబడ్డాడు. గాలి ఎదురు తిరిగి మొహాన కొట్టిందట, అంతే. ఒంగోలు చేరేలోపే ప్రాణం పోయింది. అప్పటినుంచి నాన్న చేలో ఉన్నంతసేపూ నా ప్రాణం వీధి గుమ్మంలో ఉండేది. ఎవరైనా గబగబా నడిచొస్తుంటే మా ఇంటికే వస్తున్నారని వణికిపోయేదాన్ని. వాళ్లు చుట్ట ముట్టించుకోడానికి నిప్పు అడిగి వెళ్లిపోయేవాళ్లు.

ఆయన పెద్దకర్మకి కార్డు తెచ్చి ఇచ్చారు. మా వైపు ఆ కార్డుని గడప దాటించరు. వాకిట్లో నిలబడి చదివి అక్కడే చింపేస్తారు. నాయనమ్మకి చదువు రాదు కాబట్టి ఆరో తరగతి చదివే మా చెల్లెలు కూడబలుక్కుని చదివింది.

"పెద్దకర్మ అంటే ఏంది నాయనమ్మా?"

"పోయినోళ్లకి చేసేది. ఆ మాట ఇంట్లో అనమాకండే తల్లీ. తథాస్తు దేవతలుంటారు. పిలిచినట్టవుద్ది."

చెల్లెలు రెండు చేతులతో నోరు మూసుకుంది. నాయనమ్మ కార్డుని నాలుగు ముక్కలు చేసి కాలవలో పారేసి, చేతులు కడుక్కుని లోపలికొచ్చింది.

ఆ సెలవుల్లోనే మామయ్య మా ఇంటికి కంప్యూటర్ తెచ్చాడు. మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, చీమకుర్తిలో గ్రానైటు పలకలు కోసే ఒక చోట ఆఫీసులో పనిచేసేవాడు. అక్కడ కొత్తవి కొన్నాక పాతదాన్ని ఇంటికి పట్టుకెళ్లమన్నారట. దుప్పటి చుట్టి, లారీ క్యాబిన్‌లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. మిషన్ సందుల్లో రాతిపొడి ఇంకా ఉంది. పదో తరగతి పిల్లకి పనికొస్తుందని అమ్మతో అన్నాడు గానీ, అందులో పనికొచ్చేది ఒక ఆట తప్ప ఏమీ లేదు.

ఆ ఆటలో ఒక మనిషి ఊరూరా తిరుగుతుంటాడు. పేరు లేదు. మనం ఎటు నడిపిస్తే అటు నడుస్తాడు. దారిలో దాహంతో ఉన్నవాడు కనిపిస్తాడు. నీళ్లివ్వొచ్చు, తన్ని సంచీ లాక్కోవచ్చు. తెర మీద కుడివైపు మూలన ఒక గీత, దాని పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో కర్మ అని ఉంది. మంచి చేస్తే గీత పెరుగుతుంది, చెడు చేస్తే తరుగుతుంది. దాన్నిబట్టే వాడి మొహం మారుతుంది, ఊళ్లోవాళ్లు వాడితో మాట్లాడే తీరూ మారుతుంది.

"వీడు మంచోడూ కాదు, చెడ్డోడూ కాదమ్మాయ్" అన్నాడు మామయ్య. "మీరేం చేయిస్తే అదవుతాడు. ఆ గీత వాడి పుణ్యం అనుకో."

ఇదంతా చెబుతున్నప్పుడు చెల్లెలు ఇంట్లో లేదు, నాయనమ్మకి తోడు పిండిమరకి వెళ్లింది. తర్వాత దానికి ఆట నేనే నేర్పాను. ఎలా నడవాలి, ఎలా పలకరించాలి, కత్తి ఎలా దూయాలి, అంతవరకే.

మా చెల్లెలి గురించి ఒక ముక్క చెప్పాలి. పంచదార డబ్బాకి చీమలు పడితే అమ్మ దులిపేయబోయేది. ఇది ఆ డబ్బా లాక్కుని ఎండలో పెట్టి, ఆఖరి చీమ దిగి వెళ్లిపోయేదాకా పక్కన గొంతుక్కూర్చునేది. కోడిని కోసే ఆదివారం మా పిన్ని ఇంటికి పారిపోయేది. కూర మాత్రం తినేది, అది వేరే సంగతి. అంత మెత్తటి పిల్ల ఆటలో కూర్చున్న రెండో రోజే నీళ్లడిగినవాణ్ణి తన్నింది.

చెయ్యి జారిందేమో అనుకున్నాను. తర్వాత గడ్డివాముకి నిప్పు పెట్టింది. సంతలో బుట్టలమ్మే ఆడమనిషిని తోసి బుట్టలు తొక్కించింది. పారిపోతున్నవాడి వెంటపడి నరికింది. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. దాని మొహంలో సంబరం ఉంటే ఆట అనుకునేదాన్ని. సంబరం లేదు. పెదాలు బిగబట్టి, లెక్కలు చేస్తున్నట్టు తెర మూలకి చూస్తూ ఒకటొకటిగా చేసుకుపోతోంది. పిల్లల్లో అలాంటి మొహం నేనెప్పుడూ చూడలేదు.

"ఎందుకే అట్టా చేస్తున్నావు?"

"ఆటేగా అక్కా."

"మంచి పనులు కూడా చేయొచ్చుగా?"

"వద్దు" అంది. మళ్లీ తెర మూలకి చూసింది.

తెరలోని మనిషి మారిపోవడం మొదలెట్టాడు. మొదట్లో వాడి మొహం మా ఎలిమెంటరీ బడి మాస్టారిలా సాదాగా ఉండేది. కళ్లు ఎర్రబడ్డాయి. బుగ్గల మీద నల్లటి నరాలు తేలాయి. వాడు వీధిలోకి వస్తే పిల్లలు తల్లుల వెనక దాక్కునేవాళ్లు, తలుపులు దబదబా మూసుకునేవి. ఆడటం ఆపేస్తే వాడు అక్కడే నిలబడి మనవైపు తిరిగి ఊపిరి పీలుస్తుండేవాడు. నేను ఆ దుప్పటే తెచ్చి కంప్యూటర్ మీద కప్పేదాన్ని. కప్పాక కూడా దాని ముందు నుంచి వంటింట్లోకి వెళ్లాలంటే గోడ పట్టుకుని వెళ్లేదాన్ని.

వాడికన్నా చెల్లెలంటే ఎక్కువ భయం పట్టుకుంది నాకు. నవ్వొస్తుంది గానీ, అది బెండకాయలు తరగడానికి కూర్చుంటే నేను కత్తిపీట లాక్కుని నేనే తరిగాను. అక్క ఎంత మంచిదో అని నాయనమ్మ మెచ్చుకుంది. మామయ్య మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. వాడు ఏమవుతాడో మన చేతిలో ఉంటే, వాడిని అలా చేసిన చెయ్యి ఏమవుతుంది? ఎవరితో చెప్పను? అమ్మా నాన్నా చీకటితో లేచి చేలోకి పోతున్నారు. పురుగు తగ్గలేదు. నాన్న కళ్లు కూడా ఎర్రగానే ఉంటున్నాయి.

ఒక ఆదివారం చెల్లెలు నాయనమ్మతో పక్కూరికి వెళ్లింది. నేను ధైర్యం చేసి దుప్పటి తీశాను. వాణ్ణి బాగుచేద్దామని కూర్చున్నాను. కాల్చిన వాముల చోట గడ్డి వేయించాను, కనిపించిన ప్రతివాడికీ నీళ్లు పోశాను, దోచుకున్నవన్నీ తిరిగి పంచిపెట్టాను. ఊళ్లోవాళ్లు మొదట పారిపోయారు. తర్వాత దూరంగా నిలబడ్డారు. సాయంత్రానికి ఒక పిల్లవాడు దగ్గరికొచ్చి పలకరించాడు. మొహం మీద నరాలు పోయాయి, కళ్లు తెల్లబడ్డాయి, గీత సగం దాటి పైకి వచ్చింది. నాకు ఎన్నాళ్లకో ఆకలేసింది.

చెల్లెలు వచ్చి తెర చూసింది. చూడగానే దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరు చేశారక్కా ఇది?"

"నేనే. బాగుందా?"

అది మౌస్ మీద చెయ్యి వేసింది. అప్పుడే కరెంటు పోయింది. అన్నానికి పిలిచేదాకా ఆ నల్లటి తెర ముందే కూర్చుంది. మర్నాడు పొద్దుటికీ కరెంటు రాలేదు. నాన్న పంపు తగిలించుకుంటుంటే చెల్లెలు దగ్గరికెళ్లి "ఇయ్యాళ వద్దు నాన్నా" అంది. "పురుగు నీ మాట వింటదంటే మానేస్తాను" అని నాన్న నవ్వుతూ దాని బుగ్గ పిండి వెళ్లాడు.

మధ్యాహ్నం వీధిలో ఒకతను పరుగెత్తుకొచ్చాడు. ఈసారి నిప్పు కోసం కాదు. నాన్న చేలో కళ్లు తిరిగి పడిపోయాడు. నోట్లోంచి నురగ వస్తోందన్నాడు. ఆటో మా వాకిట్లో ఆగను కూడా ఆగలేదు. లోపల అమ్మ ఒళ్లో నాన్న తల, వేలాడుతున్న ఒక చెయ్యి, అంతే కనిపించింది. నాయనమ్మ అరుగు మీద కూలబడి రోడ్డు వైపు దణ్ణం పెడుతూ ఉండిపోయింది. చీమకుర్తి దగ్గర మామయ్య వాళ్లని కలుసుకుని ఒంగోలు తీసుకెళ్తాడని ఎవరో చెప్పారు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

ఎంతసేపటికో ఇంట్లో ఫ్యాను తిరగడం మొదలైంది. కరెంటు వచ్చినట్టుంది. ఆ వెంటనే లోపలినుంచి కత్తి చప్పుడు, ఎవరో అరిచిన చప్పుడు. వెళ్లి చూస్తే చెల్లెలు కంప్యూటర్ ముందు కూర్చుని నిన్న నేను నీళ్లు పోసినవాళ్లని వరసగా నరికేస్తోంది.

నాకు ఒళ్లు తెలియలేదు. లెంపకాయ కొట్టాను. "నాన్న అక్కడ అట్టా ఉంటే నీకు ఆటలేంటే! మనిషివేనా?"

అది ఏడవలేదు, మౌస్ వదల్లేదు. వీధి గుమ్మం వైపు చూసి, నాయనమ్మ వినడం లేదని నమ్మకం కుదిరాక, నా చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా చెప్పింది.

"తగ్గిస్తున్నానక్కా. కర్మ తగ్గిస్తున్నా. చూడు, రాసుందిగా. కె, ఏ, ఆర్, ఎం, ఏ. ఎవరు పెట్టారో మనింట్లోకి వచ్చేసింది. చెడ్డ పనులు చేస్తేనే అది తగ్గుద్ది. సున్నా అయితే నాన్నకి రాదు. ఆ మాట ఇంట్లో అనకూడదంది కదా నాయనమ్మ, అందుకే నీకు చెప్పలా."

నేను నేల మీద కూర్చుండిపోయాను. ఇన్నాళ్లూ దాని చేతిలో నేను చూసిన క్రూరత్వమంతా ఇదా! నీళ్లడిగినవాణ్ణి తన్నింది నాన్న కోసం. వాములు తగలబెట్టింది నాన్న కోసం. ఆ గీతకి నరికిన చెయ్యి తెలుసు గానీ, ఎందుకు నరికిందో తెలియదు. నాకూ తెలియలేదు.

"అది ఆ కర్మ కాదే పిచ్చిదానా" అన్నాను. "పుణ్యం లాంటిది. ఎక్కువుంటేనే మంచిది. మామయ్య చెప్పాడు."

అది నా కళ్లలోకి చూసింది. "మరి నేను తగ్గించినన్నాళ్లూ నాన్న బాగానే వచ్చాడుగా? నిన్న నువ్వు పెంచావు. ఇయ్యాళ పడిపోయాడు."

దానికి జవాబు పదో తరగతి సైన్సు పుస్తకంలో ఉండే ఉంటుంది, ఆ క్షణాన ఒక్క అక్షరం గుర్తుకు రాలేదు. మామయ్యకి మాత్రం ఏం తెలుసు, ఆఫీసు వాళ్లు ఇచ్చింది ఎత్తుకొచ్చాడు. ఒకవేళ చెల్లెలు చెప్పిందే నిజమైతే? ఆ ఒకవేళ చాలు నాకు. స్టూలు లాక్కుని దాని పక్కన కూర్చున్నాను. ఎవరు ఏ ఇంట్లో దాక్కున్నారో నేను చూపించాను, అది నరికింది. నిన్న నన్ను పలకరించిన పిల్లవాడు కూడా వచ్చాడు. కళ్లు మూసుకుని "ఊఁ" అన్నాను. ఇద్దరం వెక్కుతున్నాం, తెర సరిగా కనిపించడం లేదు. గీత దిగుతోంది. వాడి మొహం ఇక మనిషి మొహంలా లేదు.

పొద్దు గుంకుతుండగా వాకిట్లో మామయ్య బండి ఆగింది. నాయనమ్మ కేక విని నా పైప్రాణాలు పైనే పోయాయి. మామయ్య లోపలికొచ్చి మా ఇద్దరి తలల మీద చేతులు వేశాడు.

"ఏడవమాకండి. కళ్లు తెరిచాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. గండం గడిచినట్టేనన్నారు డాక్టరు గారు. రేపు మిమ్మల్ని తీసుకెళ్తా."

నాయనమ్మ లోపలికొచ్చి మామయ్యని పట్టుకుని బావురుమంది. ఆయన ఆమెని మంచం మీద కూర్చోబెట్టి నీళ్లు తేవడానికి వంటింట్లోకి వెళ్లాడు. నేను లేవబోయాను. చెల్లెలు నా జాకెట్టు పట్టుకుని ఆపి, కళ్లతోనే తెర మూలకి చూపించింది. గీత ఇంకా వెంట్రుకంత మిగిలి ఉంది. ఊళ్లో కూడా ఒక్క మనిషే మిగిలింది. పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కాలుస్తున్న ముసలమ్మ. ఊరంతా పారిపోయినా ఆమె కదల్లేదు. వాడు ఎదురుగా నిలబడితే, ఆ మొహం చూసి కూడా, ఒక రొట్టె తీసి చెయ్యి చాచింది.

"నా వల్ల కాదక్కా" అంది చెల్లెలు, మౌస్ నా వైపు జరిపి.

నాన్న కళ్లు తెరిచాడని నాకు తెలుసు. నీళ్లు తాగాడనీ తెలుసు. అయినా ఎందుకైనా మంచిదని నేనే నొక్కాను.