ఎదురుకాళ్ల బిడ్డ

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. బనగానపల్లెలో మా వీధివాళ్ల దృష్టిలో నా అసలు డిగ్రీ అదే. నడుము పట్టినా, మెడ పట్టినా జనం మా అరుగు మీద బోర్లా పడుకునేవాళ్లు. నేను మూడుసార్లు కాలితో తొక్కితే లేచి, "నొప్పి పాయ తల్లీ" అనేవాళ్లు. బ్యాంకులో ఉద్యోగం వచ్చాక కూడా నాకు ఆ పొగరు తగ్గలేదు.

నాయన మామిడి అంట్లు కట్టేవాడు. నలభై ఏళ్లుగా తల వంచి, చాకుతో పుల్ల చెక్కి, మొక్కకు అతికించి పట్టీ చుట్టడమే పని. పోయిన వానాకాలం ఆయన మెడ పట్టేసింది. కుడిచెయ్యి వేళ్లదాకా జివ్వుమని లాగుతోందన్నాడు. కర్నూలు పోదామన్నాను గానీ గట్టిగా అనలేదు.

"కర్నూలెందుకమ్మీ, డాక్టరు ఇంట్లోనే ఉండాదే. ఒకసారి తొక్కు," అన్నాడు.

కన్నతండ్రి మీద కాలు పెట్టడమేందని అమ్మ గొణిగింది. ముందు ఆయన పాదాలకు మొక్కి, తర్వాత తొక్కాను. మెడ దగ్గర టక్కుమంది. "శానా హాయిగా ఉండాది," అన్నాడు. నేను మురిసిపోయాను. ఆ మురిపెం గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

నెల తిరక్కముందే చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. చాకు చేతిలోంచి జారిపడేది. కట్టిన అంట్లు వదులై ఎండిపోతుంటే చాకును తిట్టేవాడు. ఎండాకాలానికి నడకలో తూలుడు మొదలైంది. "ఏమప్పా, ఈ వయసులో మందు నేర్చినావా?" అని పక్కింటాయన ఎగతాళి చేస్తే నాయన నవ్వాడు. నాకు భయమేసింది. ఆ వారమే కర్నూలు తీసుకెళ్లాను.

డాక్టరు స్కాన్ చూశాడు. మెడ ఎముకలు అరిగి వెన్నుపామును నొక్కుతున్నాయన్నాడు. ఇది ఏళ్ల తరబడి ముదిరిన జబ్బు, ఆపరేషన్ చేస్తే ఇంకా ముదరకుండా ఆగొచ్చు, పోయిన పట్టు తిరిగొస్తుందని మాత్రం చెప్పలేనన్నాడు. "మెడ ఎవరైనా విరిచారా, తొక్కారా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే నాయన, "ఎవురూ ముట్టలేదు సార్," అన్నాడు. నేను తల దించుకున్నాను.

బయట నేల కాలిపోతోంది. ఆటో దగ్గరికి వచ్చాక చూశాను, ఆయన ఎడమకాలికి చెప్పు లేదు. అది వెనక ఆసుపత్రి మెట్ల మీదే ఉండిపోయింది.

"నాయనా, కాలు కాలడం లేదా?" అన్నాను.

"ఎందుకు కాల్తాది? చెప్పులు ఏసుకొనే ఉండా కదమ్మీ," అన్నాడు.