పట్నం తోటలో పండుగ కాని మామిడికాయ

మొన్న ఆదివారం పట్నంలోని పెద్ద వృక్షాల తోటకు వెళ్ళాను. గేటు దాటి వెదురు పొదల దగ్గర మలుపు తిరిగానో లేదో, ఎండుటాకుల వాసనా, ఎక్కడో రాలి చితికిన ఇప్పపూల తియ్యటి మత్తు వాసనా కలిసి గుప్పున ముక్కుకు తగిలాయి. అంతే, నోట్లో నీళ్ళూరాయి. నా జ్ఞాపకాలన్నీ నాలుక మీదుగానే వస్తాయి, ఏం చేయను!

మాది దుమ్ముగూడెం అవతల, అడవికీ గోదావరికీ మధ్య ఒదిగిన చిన్న ఊరు. ఎండాకాలం వచ్చిందంటే తెల్లారకముందే బుట్టలు పట్టుకుని ఇప్పచెట్ల కిందికి పోవడం, పొద్దెక్కాక ఇంటికొచ్చి ఉల్లిగడ్డ కొరుక్కుంటూ చల్లని అంబలి తాగడం, మధ్యాహ్నమంతా పందిరి నీడన చింతగింజల ఆట, సాయంత్రం తునికిపండ్ల కోసం వాగు గట్టున కొట్లాటలు. వాకిట్లో ఆరబోసిన ఇప్పపూలను మేకలు తినకుండా కాపలా కాసే పని నాది. మేకల వాటా నేనే తినేసేదాన్ని.

ఒక్క మామిడికాయ దగ్గర మాత్రం నా ఆటలు సాగేవి కావు. ఊరంతా కలిసి మామిడికాయ పండుగ చేసి, కొత్తకాయ ముత్యాలమ్మకు పెట్టేదాకా ఎవరూ కాయ కొరకరాదు, కూరలో వేయరాదు. గాలికి రాలి కాళ్ళ దగ్గర పడ్డా సరే, చూసి గుటకలు మింగడమే. ఆ పండుగనాడు ఆడవాళ్ళ పాట ఎత్తుకునేది మా నాయనమ్మ. ఆమె మొదటి మాట అందుకున్నాకే మిగతావాళ్ళు గొంతు కలిపేవాళ్ళు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, సరిగ్గా కాయలు టెంక కట్టే సమయానికి, పట్నంలో ఆటో నడిపే మా బాబాయికి కొడుకు పుట్టాడు. బాలింతకు సాయంగా నాయనమ్మ బయలుదేరింది, కొంగు పట్టుకుని నేనూ బయలుదేరాను. వెళ్ళినప్పటినుంచీ ఆమెకు ఒకటే దిగులు. మనవడికి నీళ్ళు పోస్తున్నా, కాళ్ళమీద వేసుకుని నూనె రుద్దుతున్నా అదే మాట: "నేను లేకుంటనే పండుగ చేసుకుంటరేమో. నా పాట ఇగ అయిపోయినట్టే." ఆ ముఖం చూడలేక బాబాయి ఒకరోజు మా ఇద్దరినీ ఆటోలో ఎక్కించుకుని ఈ తోటకు తీసుకొచ్చాడు.

లోపలికి రాగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ముళ్ళ జెముళ్ళూ, ఏనుగు చెవులంత ఆకులూ, ఏ దేశానివో తెలియని తాటిజాతి చెట్లూ చూసి నేను నోరు తెరుచుకుని నిలబడితే, ఆమె మాత్రం తునికి చెట్టుకు కొట్టిన పేరు పలక చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. "పేరు రాసి పెట్టిండ్రేందిరా? లేకుంటె మరిచిపోతరా? అడవికి గూడ టికెటేనా!" బాబాయి అటూ ఇటూ చూసి, "జర మెల్లగ మాట్లాడే అమ్మా" అని బతిమాలాడు.

అప్పుడు కనిపించింది మామిడిచెట్టు. కింద పరిచినట్టు కాయలు. నాయనమ్మ వంగి ఒక్కొక్కటీ ఏరి, మనుషులు తొక్కకుండా చెట్టు మొదలు దగ్గరికి జరుపుతుంటే కాపలా ఆయన ఈల ఊదుకుంటూ ఉరికొచ్చాడు. "ఏందవ్వా, కాయలు ఏరుతున్నవ్?"

"ఏరి ఏం చేసుకోను అయ్యా? మాకు తినరాదు."

ఆయన మెత్తబడ్డాడు. నా చూపు ఎక్కడుందో కనిపెట్టి, ఒక కాయ తుడిచి నా చేతిలో పెట్టాడు. నేను కొరకబోయేంతలో నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. "ఒద్దు బిడ్డా, మన ఊర్ల పండుగ అయిందో కాలేదో."

"పండుగ మీ ఊర్ల, కాయ మా తోటల! దానికి దీనికి ఏం సంబంధం అవ్వా?" అని ఆయన వాదన. నేను పూర్తిగా ఆయన పక్షమే.

"ఏడున్నా మామిడిచెట్టు మామిడిచెట్టే గద" అంది నాయనమ్మ.

ఇక లాభం లేదని బాబాయి జేబులోంచి ఫోన్ తీసి మా ఊరి కిరాణా కొట్టుకు చేశాడు. కొట్టాయన మా నాన్నను పిలుచుకొచ్చేదాకా చేతిలో కాయ, నోట్లో ఊట, ఫోన్ మీద చెవి. పండుగ అయిపోతే నాకు కాయ, కాకపోతే ఆమెకు పాట. ఆ క్షణాన నేను ఏం మొక్కుకున్నానో వేరే చెప్పాలా!

"పండుగ అయిందారా?" అని నాయనమ్మ తోటంతా వినపడేలా అరిచింది. అటునుంచి నాన్న అంతకంటే గట్టిగా అరిచాడు. "నువ్వు రాకుంటె పాటెవరు ఎత్తుకుంటరే అమ్మా? ఊరంత ఆగింది. పిలగాండ్లు మా పానం తీస్తుండ్రు. జల్దీ రా!"

నాయనమ్మ ఫోన్ బాబాయి చేతిలో పెట్టి, చెట్టుకు ఆనుకుని కూర్చుని నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. నేను మాత్రం కాయ కోసం ఒకటే ఏడుపు రాగం అందుకున్నాను. "ఒక్క ముక్క తింటే ఏమైతదవ్వా?" అని కాపలా ఆయన నా తరఫున చివరిసారి అడిగాడు.

"నా కోసం ఊరంత నోరు కట్టుకుంటె, నా మనుమరాలు ఎట్ల తింటదయ్యా?"

మర్నాడే బస్సెక్కాం. ఆ పండుగనాడు ఆమె పాట ఎత్తుకుంటే ఆ ఊపు అందుకోలేక డోలు వాళ్ళే తడబడ్డారు. ఉప్పూ కారం అద్దిన ముక్కలు, మామిడికాయ పప్పు, నాటుకోడి కూర తిని తిని, సాయంత్రానికి పళ్ళు పులిసి అన్నం మెతుకు కూడా నమలలేకపోయాను. అంత సంతోషంగా నేను ఎన్నడూ పళ్ళు పాడుచేసుకోలేదు.

ఇప్పుడు నాయనమ్మ లేదు. తోట ఇంకా చక్కగా ఉంది, చెట్లు ఎత్తు పెరిగాయి. బెంచీ మీద కూర్చుని ఊరికి ఫోన్ చేసి, పండుగ అయిందా అని మా తమ్ముడి భార్యను అడిగాను. "ఇంక కాలే వదినా. సంతల కాయలొచ్చినయ్ గద, పప్పుల ఏసుకుంటనే ఉన్నం" అంటూ నవ్వింది. నేనూ నవ్వాను. నేను మాత్రం ఆగుతున్నానా ఏంటి, పట్నంలో సంక్రాంతి దాటగానే కొనుక్కొచ్చి తింటాను. కానీ ఒక ముసలామె ఇంకా రాలేదని ఊరు ఊరంతా పులుపు ముట్టకుండా దారివైపు చూస్తూ కూర్చోవడం, నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.