ఆదిశేషమ్మ మొక్కు, ఎలిశబెతు నడక

ఒకరు మొక్కుకుని, ఇంకొకరు బాగుపడి, మూడో మనిషి నడిస్తే, ఆ మొక్కు ఎవరిదవుతుంది? ఇంత వయసు వచ్చింది, ఇన్ని పుస్తకాలు చదివాను, దీనికి మాత్రం నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఎలిశబెతును అడిగి ఉంటే చెప్పేదేమో.

ఎలిశబెతుది జువ్వలదిన్నె. మొగుడు సముద్రం మీద చేపల వేటకు పోయేవాడు. ఆమె ఎండుచేపల గంపతో బిట్రగుంటలో పాసింజరు ఎక్కి, మనుబోలులో దిగి, మా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేది. కూతురు చిట్టికి నాలుగేళ్ళు దాటినా మాట రాలేదు. మాట వస్తే నడిచి వస్తానని వేళాంగణి మాతకు మొక్కుకుంది. ఆ పిల్ల మాట్లాడింది. “ఇప్పుడు దాని నోరు మూయించేదానికి ఇంకోసారి నడవాల” అని నవ్వేది. ఒక్కసారితో తీరిపోయే మొక్కే అది. అయినా ప్రతి ఆగస్టులోనూ నడిచింది. ఎందుకని అడిగితే, గంప దించి ఊరికే కూర్చుంటే కాళ్ళు తిట్టుకుంటాయని చెప్పేది.

వాళ్ళ జట్టుకు కావి గుడ్డలు, మెడలో జపమాల, తోపుడు బండి మీద మాత బొమ్మ. తెల్లారకముందే లేచి నడిచి, ఎండ ముదిరేసరికి ఎక్కడో ఒక నీడ చూసుకుంటారు. మా ఇల్లు మనుబోలు దాటాక రోడ్డు వారనే. అలా మా పంచ వాళ్ళకు మజిలీ అయింది.

మొదటిసారి వాళ్ళు వచ్చినప్పుడు నా భార్య ఆదిశేషమ్మ కావి రంగు చూసి, కొండకు పోయే స్వాములనుకుంది. పసుపునీళ్ళు తెచ్చి అందరి కాళ్ళూ కడిగింది. ఎలిశబెతు పాదాలు పట్టుకుని “స్వామీ” అనేసరికి ఆమె కాలు వెనక్కి లాక్కుంది.

“స్వామి కాదక్కా, చేపల ఎలిశబెతును. పోయిన వారం నెత్తళ్ళ కాడ బేరమాడి నా ప్రాణం తీసినావే.”

పంచంతా నవ్వింది. పొరపాటున మొదలైనా ఆ కాళ్ళు కడగడం ఆగలేదు. మరుసటి ఏడు నుంచి వాళ్ళు ముందే కాళ్ళు చాపి కూర్చునేవాళ్ళు.

తర్వాత నాకు గుండె ఆపరేషన్ పడింది. నేను బాగై ఇంటికొస్తే ఎలిశబెతుతో కలిసి నడుస్తానని ఆదిశేషమ్మ మాతకు మొక్కింది. మా వాళ్ళు పెంచలకోన స్వామికి ముడుపు కట్టినట్టే, కొత్త వడ్లు గుప్పెడు పసుపు గుడ్డలో కట్టి, కుంకుమ బొట్టు పెట్టి మేకుకు తగిలించింది. నేను బాగయ్యాను. ఆమె మాత్రం ఆ చలికాలంలో నిద్రలోనే వెళ్ళిపోయింది. పెద్దదినానికి ఎలిశబెతు వచ్చింది. మేకుకున్న మూట వంక చూసి, ఆగస్టులో తాను తీసుకుపోతానని చెప్పి పోయింది.

అన్నట్టే ఆగస్టులో వచ్చింది, కుంటుకుంటూ. తారు వేడికి మడమ బొబ్బలెక్కి పుండయింది, ఒంట్లో చక్కెర ఉంది. ఆస్పత్రి నర్సమ్మ కట్టు కట్టి, ఇక కాలు నేలన మోపితే కాలే పోతుందని చెప్పిందట. బండి తోసే నరేంద్రబాబు, “రా పిన్నీ, నిన్ను కూడా మాత పక్కన కూర్చోబెట్టి తోస్తా, హుండీ తొందరగా నిండుద్ది” అన్నాడు. అందరితో పాటు ఆమె కూడా నవ్వింది. పొద్దు వాలాక జట్టు గూడూరు దారి పట్టింది. ఆమె ఆ రాత్రికి మా పంచలో ఆగి, పొద్దున బస్సెక్కి వేళాంగణి పోయేట్టు మాట్లాడుకున్నారు.

దీపాలు పెట్టే వేళకు మూట తెచ్చి చూపించమని అడిగింది. ఒళ్ళో పెట్టుకుని, వదులైన ముడి విప్పి మళ్ళీ గట్టిగా వేసింది. దీన్ని కూడా బస్సులోనే తీసుకుపొమ్మన్నాను. తల అడ్డంగా ఊపింది. ఎవరి మొక్కుకు వాళ్ళు బండెక్కి పోయినా అమ్మ ఊరుకుంటుందట. పక్కవాళ్ళ మొక్కు మోస్తే మాత్రం నేల మీద నడిచే పోవాలట. అది వాళ్ళ జట్టులో కట్టుబాటు. మరి నరేంద్రబాబు చేతికి ఇవ్వాల్సింది కదా అన్నాను.

“మాట ఇచ్చినోళ్ళన్నా మోయాల, ఆ ఇంటోళ్ళన్నా మోయాల సారూ. దారిన పోయేవాళ్ళ చేతిలో పెట్టేది కాదు.”

“అయితే వదిలెయ్యి ఎలిశబెతూ. ఆదిశేషమ్మ ఏమీ అనుకోదు.”

“అక్క అనుకోదు” అంది. కాసేపు వడ్లను గుడ్డ మీదనుంచే వేళ్ళతో నలిపింది. తర్వాత నా ఆరోగ్యం గురించి అడిగింది. డాక్టరు చెప్పినట్టు రోజూ పొద్దున్నే చేతికర్ర పట్టుకుని కాలువ తూముదాకా నడిచి వస్తున్నానని, ఆయాసం లేదని, ఈ మధ్య రెండోసారి కూడా పోయి వస్తున్నానని కొంచెం గొప్పగానే చెప్పాను.

“మంచిదే” అంది. “రోజూ అంత నడస్తా ఉండారు, ఎక్కడికీ పోకుండా.”

ఎగతాళి చేస్తోందనుకుని నవ్వాను. చాప వేసి, కాలికింద దిండు పెట్టి లోపలికి వచ్చాను.

తెల్లారి రెండు గ్లాసుల్లో కాఫీ పట్టుకుని పంచలోకి వచ్చేసరికి చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. మొదటి బస్సు ఎక్కిందని ఎదురు టీ అంగట్లో చెప్పారు. మడమ ఆనకుండా, వేళ్ళ మీద నడిచి ఎక్కిందట.

మూట కోసం వెతకాల్సిన పని పడలేదు. గుమ్మం పక్కన నా చెప్పులు రోడ్డు వైపు తిప్పి పెట్టి ఉన్నాయి. వాటి పక్కన నా చేతికర్ర. దాని పిడికి పసుపు గుడ్డ మూట, రాత్రి వేసిన ముడితోనే, వేలాడుతోంది.

ఇన్నేళ్ళలో “పోయొస్తా” అనకుండా మా గడప దిగని మనిషి, ఆ పొద్దు నాతో ఒక్క మాట చెప్పకుండా పోయింది.