కోడు కింద గోరు

తొంభైల్లో వనపర్తిలో మేం డిగ్రీ చదివేటప్పుడు, పరీక్ష ఫారాలు తీసుకునే గుమాస్తా ఒకాయన ఉండేవాడు. పేపరు కోడు కింద గోరు పెట్టి, ఒక్కో అంకె అర్థం మన నోటితోనే చెప్పించేవాడు. చెప్పలేకపోతే ఫారం వెనక్కి. అసలు పరీక్ష ఇదేనేమో అనిపించేది.

చివరి తేదీనాడు నా ఫారం మీద గోరు పడింది.

“మొదటి అంకె ఏంది?”

“రెండో సంవత్సరం సార్.”

“నడిమి రెండు?”

“చరిత్ర.”

“ఆఖరుది?”

నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను.

“అది మీడియం. ఒకటి తెలుగు, రెండు ఇంగ్లీషు. నువ్వు రెండు రాసినవ్. ఎవనిది చూసి రాసినవ్ బిడ్డా?”

హాస్టల్లో నా గదివాడిది. వాడు ఇంగ్లీషు మీడియం, పైగా క్లాసు ఫస్టు.

“పరీక్షల చూసి రాసెటోళ్లను మస్తు చూసిన. ఫారం గూడ చూసి రాసినోన్ని నిన్నే చూస్తున్న. గిట్లనే పంపితే ఇంగ్లీషు పేపరొస్తది, నీకు ఏడాది పోతది.”

“జర మీరే దిద్దుండ్రి సార్.”

“నేను దిద్దితే నాకు యాదుంటది. నువ్వు దిద్దు.”

దిద్దాను. ఇక ఫెయిలైతే కోడు మీదికి నెట్టే వీల్లేదు. చేసేదేం లేక చదివాను. ప్రశ్నపత్రం తెలుగులోనే వచ్చింది. నేను పాసవడానికి పూర్తి బాధ్యత ఆయనదే.