పర్శరాములు సాంచాలు ఆపే వేళ

మిట్టమధ్యాహ్నం పర్శరాములు మీదికి పోచమ్మ తల్లి వస్తుందని, అందుకే ఆయన తాను నడిపే మరమగ్గాలన్నీ బంద్ చేసి కూర్చుంటాడని మా వాడలో ఒక మాట ఉంది.

నమ్మడానికి తగ్గట్టే ఉండేది చూడటానికి. అన్నం తిన్నాక ఆయన స్విచ్చులు దించి, గోడకు ఆనుకుని కూర్చునేవాడు. చేతిలో వేపమండ. కాసేపటికి తల ఊగేది, పెదవులు కదిలేవి. సిరిసిల్లలో పుట్టినవాళ్లు ఎవరైనా దాన్ని పూనకమనే అంటారు.

ఆయన తండ్రి దగ్గర చేతిమగ్గం నేర్చుకున్నాడు. ఆ మగ్గానికి అమావాస్య సెలవు ఉండేదట. తర్వాత వయసంతా బొంబాయి దగ్గరి భివండిలో మరమగ్గాల మీద గడిపి తిరిగొచ్చాడు. మరమగ్గాలను మేము సాంచాలంటాం. వాటికి అమావాస్య లేదు. నేసిన బట్టకే కూలి కాబట్టి ఎవరూ ఆపరు.

బడి మానేశాక నేను ఆ షెడ్డులోనే చంద్రవ్వతో కలిసి కండెలకు నూలు చుట్టేదాన్ని. చెవిలో అరిస్తే తప్ప మాట వినపడదు. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నా అదే టకటక. అలాంటిది, మధ్యాహ్నం సాంచాలు ఒక్కొక్కటే ఆగేవి. గాలిలో తిరిగే నూగు మెల్లగా కిందికి దిగేది. రేకుల మీద పిచ్చుక నడక వినిపించేది. నా గాజులకు చప్పుడు ఉందని నాకు అక్కడే తెలిసింది. చేతిలో పని వదిలేసి, కదిలితే ఎక్కడ పోతుందోనని ఊపిరి బిగబట్టి వినేదాన్ని.

ఆ సాంచాల యజమాని, మేము ఆసామి అనే అంజన్నకు ఇది గిట్టేది కాదు. తల్లికి భయపడి ఊరుకునేవాడు. పండుగ చీరల ఆర్డరు వచ్చాక ఆ భయం పలచబడింది.

“గా పర్శరాములుకు నిజంగ తల్లి వస్తుందా, నాటకమా? ఇయ్యాల నేనే అడుగుత. తల్లి గాకపోతే రేపట్నుంచి సాంచాలు పక్క షెడ్డు మల్లన్నకిస్త,” అన్నాడు ఒకనాడు పొద్దున.

“అడుగు సేటు. తల్లికీ నీకూ నడుమ నాకేం పని?” అంది చంద్రవ్వ.

దోమలు ముసిరినప్పుడే ఆ వేపమండ కదులుతుందని దగ్గర కూర్చునే నాకు తెలుసు.

మధ్యాహ్నం ఆసామి కొబ్బరికాయతో వచ్చేసరికి సాంచాలు ఆగి ఉన్నాయి. పర్శరాములు తల ఊగుతోంది.

“జర ఆగు సేటు, పూనకంల ఉన్నోన్ని కదిలియ్యద్దు,” అంది చంద్రవ్వ.

ఆసామి చెప్పులు విడిచి బట్ట తానుల మీద కూర్చున్నాడు. ఫోన్ మోగితే కంగారుగా నొక్కేశాడు. ఆ మనిషి కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. బిగిసిన భుజాలు దిగాయి. కళ్లు మూతపడ్డాయి. ఒళ్లోని కొబ్బరికాయ దొర్లితే, చప్పుడు కాకుండా నేను పట్టుకున్నాను. తానుల మీద ఒరిగిపోయిన ఆయన ముఖం ఎవరినీ ఏమీ అడగడం లేదు.

పర్శరాములు లేచి ఆయన్ని చూశాడు. స్విచ్చు మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ కూర్చుని, ఆసామి లేచేదాకా ఎదురుచూశాడు.

“తల్లి ఏమన్నది పర్శన్నా?” అన్నాడు ఆసామి లేస్తూనే.

ఏదో ఒకటి చెప్తే సాంచాలు దక్కుతాయి. చంద్రవ్వ కళ్లతోనే సైగ చేసింది.

“తల్లి లేదు, గిల్లి లేదు సేటు. పంటున్న. పొద్దటిసంది నిలబడి కాళ్లు గుంజుతయ్. గీ మండ దోమలకు.”

“మరి నన్నెందుకు లేపలే?”

“మంచిగ పన్నవ్. ఎట్ల లేపుత?”

ఆసామి చెంప తడుముకున్నాడు. దాని మీద బట్ట నేత అచ్చుపడి ఉంది. నేను కొబ్బరికాయ చాపితే తీసుకోలేదు.

“పగలగొట్టి తలా ఇంత తినుండ్రి,” అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మల్లన్న మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

ఆ రోజు తల్లి ఆసామి మీదికి కూడా వచ్చిందని ఇప్పుడు వాడంతా చెప్పుకుంటోంది.

ఆ మధ్యాహ్నం ఇద్దరు మనుషులు నిద్రపోయారు.