పట్టుకున్నకొద్దీ మెత్తబడిన కట్ట

లాక్‌డౌన్ ఎత్తేసి కార్ఖానాలు తెరిచిన ఏడాది, మృగశిర కార్తె వానల్లో, నన్ను బీడీలు చుట్టే పని నుంచి చాటన్ పనిలోకి, అంటే చుట్టిన బీడీలు పట్టి చూసి ఏరే పనిలోకి, తీసుకున్నారు. సోలాపూర్‌లో బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో మా ఇంటి పక్క గల్లీలోనే బీడీ కంపెనీ బ్రాంచి. నేను చదివింది రెండో తరగతి. అయినా చాటన్‌కు చదువుతో పని లేదు, వేళ్ళతోనే పని. ఆడవాళ్ళు ఇళ్ళలో చుట్టి తెచ్చిన కట్టలను చాటన్ ఎడమ చేత్తో గంపలోంచి తీసి కుడి చేతికి అందుకుంటుంది. కుడి చేత్తో నొక్కి బిగువు చూస్తుంది, మూతులు సరిగ్గా మడిచారో లేదో చూస్తుంది. మంచివి బట్టీకి పోతాయి, వదులువి పక్కకు పడతాయి. వదులు బీడీ బట్టీ వేడికి ఆకు ఎండగానే తంబాకు రాల్చేస్తుంది. అందుకే ఇంత జాగ్రత్త. చాటన్ పైన మున్షీ. ఆయన మాటే బ్రాంచిలో ఆఖరు మాట.

నాకు పని నేర్పింది భవాని పేట్ నుంచి వచ్చే పాత చాటన్ ఒకామె. మనసు ఒప్పేదాకా కట్ట వదలొద్దని చెప్పింది. నేను అట్లాగే చేశాను. ఆకు కత్తిరింపులు కూడా పొయ్యిలోకి ఏరుకునే మనిషిని, మంచి కట్ట పారేయడం నాకు పడదు. చెడ్డది పంపడం అసలే పడదు.

ఆ వానల్లోనే నర్సవ్వ కట్టలతో తిప్పలు మొదలయ్యాయి. నర్సవ్వ మా ఎదురింటి మనిషి, నన్ను వదినె అంటుంది. చుట్టడంలో ఆమెకు పేరుంది. అయినా ఒక రోజు ఆమె కట్ట ఒకటి నా చేతికి మెత్తగా తగిలింది. వానకు ఆకు నాని ఉంటుందనుకుని, ఆరబెట్టి చుట్టమన్నాను. మర్నాటి నుంచి అనుమానంతో ఆమె కట్టలను అందరివాటికంటే ఎక్కువసేపు పట్టి చూశాను, అన్నీ మెత్తనే. తంబాకు తక్కువ వేస్తున్నదేమోనని ఒక బీడీ విప్పి చూశాను. నిండుగానే ఉంది. నిండుగా ఉన్న బీడీ మెత్తగా ఎందుకుంటుందో నాకు తెలియలేదు. చెయ్యి మెత్తన అన్నది కాబట్టి పక్కకే వేశాను.

మున్షీ మరాఠీ మనిషి, మాతో కలిసి తెలుగు నేర్చాడు, నన్ను మాత్రం వాళ్ళ మాటలోనే పిన్ని అని పిలుస్తాడు. "మావశీ, రోజూ ఒక్కదాని మాలే ఖరాబ్ ఎట్లయితది? శనివారం దాకా చూస్త. గట్లనే ఉంటె ఆమె కార్డు తీసేస్త," అన్నాడు. కార్డు పోతే పనితో పాటు ఫండూ, దవాఖానా చిట్టీ కూడా పోతాయి. నర్సవ్వ పెనిమిటి నేసే మగ్గం అప్పటికే మూతపడింది. ఆ ఇల్లు కార్డు మీదే నడుస్తున్నది.

ఆ మాట విని నర్సవ్వ కట్టలిచ్చే ఆడవాళ్ళ వరుసలోంచి ముందుకొచ్చింది. "నీది చెయ్యా బండరాయా వదినె? ఎడమ చేత్తో తీస్కున్నప్పుడు ఏమనవు. కుడి చేతికి పోంగనే నా బీడీలకు జరమొస్తదా?"

వరుసంతా నవ్వింది. "గల్లీ వరసలు గల్లీలనే ఉంచు," అని నేను కసిరాను గానీ, మాట మాత్రం లోపల గుచ్చుకుంది. తరువాతి కట్ట తీస్తూ గమనించాను. ఎడమ చేతికి గట్టిగానే ఉంది. కుడి చేతిలో కాసేపు పట్టుకునేసరికి మెత్తబడింది. ఒకే కట్ట, ఒకే మనిషి, రెండు చేతులది రెండు మాటలు. ఏది నమ్మాలి? వయసు మీదపడి చెయ్యి మొద్దుబారిందేమోనని భయం కూడా వేసింది.

ఒక కట్ట ఇంటికి తెచ్చి, కాలేజీలో జీవశాస్త్రం చదివే మనవరాలు శ్రావణి చేతిలో పెట్టి సంగతి చెప్పాను.

"ఎంతసేపు పట్టుకుంటవ్ అవ్వా?"

"మనసొప్పేదాక."

"గదే లొల్లి."

అది చెప్పింది నాకు పట్టినంత రాస్తున్నాను. మన ఒళ్ళంతా కంటికి కనిపించని కణాలట. పాల మీద మీగడలాగా ప్రతి కణానికీ ఒక పలుచని పొర ఉంటుందట. ఆ పొరలో అక్కడక్కడా బుల్లి తలుపులు. వేలు నొక్కుకుంటే పొర సాగుతుంది, సాగితే తలుపు తెరుచుకుంటుంది, బయటి ఉప్పు లోపలికి పోతుంది. ఆ కబురే నరం వెంట మెదడుకు చేరుతుందట. నొక్కు అట్లాగే ఉన్నా తలుపు కాసేపటికి మూసుకుంటుందట.

"ఎవరు మూస్తరు?" అని అడిగాను.

"ఎవరు మూసుడేంది, దానంతటదే."

"నొక్కు ఉన్నది గదనే!"

"ఉన్నది గని కొత్త నొక్కు కాదు. మెడల పుస్తెలతాడు ఉన్నదని నీకు పొద్దంత తెలుస్తదా? ఎవరన్న గుంజితె తెలుస్తది." కొన్ని తలుపులు ఆలస్యంగా మూసుకుంటాయని కూడా అన్నది. అక్కడ నాకు ఇంకా గందరగోళమైంది. ఉచ్చసంచి నిండినట్టు తెలిసేది కూడా ఇటువంటి తలుపుల వల్లేనని అది చెప్పబోతే, బీడీల కాడ ఆ ముచ్చటేందని నోరు మూయించాను.

కట్టను కుడి చేత్తో పట్టుకున్నాను, గట్టిగా ఉంది. పట్టుకునే ఉన్నాను, మెల్లగా మెత్తబడింది. వదిలి మళ్ళీ పట్టుకుంటే మళ్ళీ గట్టిగా ఉంది. కట్ట మారలేదు. అనుమానంతో నర్సవ్వ కట్టలనే ఎక్కువసేపు పట్టుకున్నాను, అందుకే అవే మెత్తగా తగిలాయి.

శనివారం నర్సవ్వ కట్టలను ఒక్కోటీ పట్టి వెంటనే వదిలాను. అనుమానం తగిలితే మళ్ళీ కొత్తగా పట్టాను. ఒక్కటి తప్ప అన్నీ గట్టిగా తగిలాయి. ఆ ఒక్కటి ఎన్నిసార్లు పట్టినా మెత్తనే, పక్కకు వేశాను.

"ఒక్కటన్న తీయకుంటె నీకు బువ్వ అరగదా?" అన్నది నర్సవ్వ.

మున్షీ నా మాట నమ్మలేదు. ఇన్నాళ్ళూ చెడ్డవన్న చెయ్యి ఈ రోజు మంచివంటే ఎవరు నమ్ముతారు? నేనే అడిగాను: తీసుకున్నవి ఒక తట్టలో, తీసేసిన కట్ట ఇంకో తట్టలో పెట్టి బట్టీకి పంపండి, తీసుకున్నవాటిలోంచి తంబాకు రాలితే నన్ను చాటన్ నుంచి తీసేయండి అని. బట్టీవాలా తట్టలు బయటికి లాగాడు. పెద్ద తట్ట అడుగు శుభ్రంగా ఉంది. రెండో తట్టలో తంబాకు రాలి ఉంది.

నర్సవ్వ ఆ తంబాకు వంక చూసి, "గది నా కోడలు చుట్టింది," అన్నది.

మున్షీ నవ్వి, తీసేద్దామని దగ్గర పెట్టుకున్న ఆమె కార్డును ఆమె చేతికిచ్చాడు. నన్ను చాటన్ పనిలోనే ఉంచాడు.

పని మానేదాకా, కొత్తగా వచ్చిన చాటన్లకు నేను చెప్పింది ఇదే: అనుమానం వస్తే ఇంకా బిగించి పట్టుకోవద్దు. వదిలి, మళ్ళీ పట్టుకోండి. ఎందుకని అడిగినవాళ్ళకు తలుపుల సంగతి చెప్పబోయి మధ్యలోనే ఆగిపోయేదాన్ని. నొక్కు ఉండగానే తలుపు ఎందుకు మూసుకుంటుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా పని సరిగ్గా చేయవచ్చునని మాత్రం తెలిసింది.