పీతకాలికి ఏడు ముడులు

బొబ్బిలిలో వీణలు చేసేవాళ్లు పనస దుంగను వేలితో కొట్టి, చెవితో విని ఎంచుతారు. పైకి ఒక్కలా కనిపించే రెండు దుంగల్లో ఒకటే పలుకుతుందని వాళ్లలో ఒకాయన నాతో అన్నాడు. చాలా ఏళ్లకు, భోగాపురం దాటి సముద్రం వైపు దిగిన ఒక పల్లెలో దేముడమ్మ కథ విన్నప్పుడు ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది.

దేముడమ్మకు అరవై దాటాయి. వలలో చిక్కిన పీతలను విడిపించి, ఏరి, గంపకెత్తడం ఆమె పని. ప్రతి పీతనూ పాత వల దారంతో విడివిడిగా కట్టేది. చాదస్తమనుకునేవారు కొత్తవాళ్లు. ముప్పై ఏళ్ల కిందట ఆమె ఏరిన పీతల్లో ఒక విషపు పీత, రాళ్ల సందుల్లో తిరిగేది, కలిసిపోయింది. ఆ కూర తిని తోడికోడలు కూర్మమ్మ కూతురు, ఆరేళ్లది, సాయంత్రానికి పోయింది. కూర్మమ్మది పక్కిల్లే. మాట్లాడుతుంది కూడా. కానీ ఆనాటి నుంచి దేముడమ్మ చేతి మంచినీళ్లయినా పుచ్చుకోదు.

2016లో సుహాసిని అనే పరిశోధక విద్యార్థిని పీతల వంశం వెతుక్కుంటూ ఆ పల్లెకు వచ్చింది. జీవకణంలో మైటోకాండ్రియా అనే చిన్న కొలిమి ఉంటుంది. దానికి సొంత జన్యురాత ఉంది. అది తల్లి నుంచే బిడ్డకు దిగుతుంది. ఆ రాత మొత్తం చదివి పోల్చితే ఏ పీతకు ఏ పీత ఎంత దగ్గర చుట్టమో తెలుస్తుంది. మనం గోత్రాలు తండ్రి వైపు లెక్కపెట్టుకుంటాం. పీతల దగ్గర ఆ పప్పులుడకవు.

ఒక్కో పీతకు ఒక కాలు తీసి స్పిరిటు సీసాలో వెయ్యడం దేముడమ్మ వంతు. అంకెలు రావు కనుక సీసా మెడకు దారం కట్టి, మొదటిదానికి ఒక ముడి, రెండోదానికి రెండు, అలా వేసుకుపోయింది. "పీతలకి సమ్మందాలు సూస్తన్నావేటే, ఇంటిపేర్లడుగుతన్నావు?" అని ఒడ్డున ఆడవాళ్లు ఆటపట్టించేవారు.

రెండు నెలలకు సుహాసిని దిగులుగా తిరిగొచ్చింది. ఆరు ముడులదీ, ఏడు ముడులదీ పుస్తకం ప్రకారం ఒకే జాతి. రాత చూస్తే పొంతనే లేదు. లక్షల ఏళ్ల కిందటే విడిపోయిన తల్లి వంశాలు. ముసలామె కాళ్లు కలిపేసి ఉంటుందనీ, ఆ సీసాలన్నీ పారెయ్యమనీ వాళ్ల పెద్ద మాస్టారు అన్నాడట. ఆ పిల్ల మెత్తగానే అడిగింది. అయినా దేముడమ్మ ముఖం నల్లబడింది.

"నా సెయ్యి ఒకపాలి కలిపినాది తల్లీ. మళ్లీ కలపదు."

లేచి, చూరులోంచి ఒక మూట దించింది. ప్రతి పీతదీ రెండో వైపు కాలు, ఎండబెట్టి, దానికీ అన్నే ముడులు వేసి దాచింది. ఎవరూ అడగలేదు. ఏదో ఒకనాడు ఎవరో ఒకరు అడుగుతారని ఆమెకు తెలుసు.

ఆ ఎండు కాళ్లను పరీక్షిస్తే మళ్లీ అదే జవాబు వచ్చింది. చెయ్యి తప్పు లేదు. ఒక జాతి అనుకున్నవి రెండు. సుహాసిని పరుగున వచ్చి చెప్పింది. దేముడమ్మ సంతోషించలేదు. కంటికి ఒక్కలాగే ఉన్నవి వేరువేరు అవుతాయా అని మాత్రం అడిగింది. అవుతాయంది ఆ పిల్ల.

"అయితే ఆ పొద్దు పీతా అలాటిదేనేటి?"

ఊళ్లో విన్నది కనుక సుహాసినికి ఆ సంగతి తెలుసు. అబద్ధం చెప్పలేదు. ఆ పీత లేదు కనుక ఇప్పుడు ఎవరూ తేల్చలేరంది. కంటికి తేడా తెలియనివి ఉంటాయన్న ఒక్క మాట కూర్మమ్మకు తాను చెబుతానని లేచింది. దేముడమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"కూర్మమ్మప్పకి సెప్పకు. నా మీద కోపంతోనే కూతుర్ని తలుసుకుంటాది. అదీ తీసేస్తే దానికేటి మిగుల్తాది?"

పక్కింట్లోంచి కూర్మమ్మ, వల ఆరిందా అని కేకేసింది. ఇంకా ఆరలేదని ఈమె జవాబిచ్చింది.